పార్కులో దొరికిన బనాఖ్

పి.జి.లో మేము రోజూ రాసే ‘బనాఖ్ స్పేస్’ వెనుక ఒక మనిషి ఉన్నారని మనలో ఎందరికి తెలుసు?

స్టెఫాన్ బనాఖ్ 1892లో పోలిష్ నగరం క్రాకోలో పుట్టారు. కన్నవారి దగ్గర కాదు, పెంపుడు తల్లి దగ్గర పెరిగారు. డిగ్రీ పూర్తి కాలేదు, ట్యూషన్లు చెప్పుకునేవారు. 1916లో పార్కులో ఆయన గణితం మాట్లాడుతుంటే, అటుగా వెళ్తున్న గణితవేత్త స్టైన్‌హాస్ చెవిన పడింది. 1920లో డాక్టరేట్ వచ్చింది. 1932లో లీనియర్ ఆపరేటర్లపై పుస్తకం వెలువరించారు.

కాంప్లెక్స్ బనాఖ్ స్పేస్‌లో బౌండెడ్ ఆపరేటర్ స్పెక్ట్రమ్ ఎన్నడూ ఖాళీ కాదు. నార్మ్ వ్యాసార్థంగా సున్నా చుట్టూ గీసిన వృత్తం దాటదు. కంప్లీట్‌నెస్ లేకుంటే ఈ హామీ లేదు. (తమ్ముళ్లూ, పరీక్షకు ముఖ్యం!)

అంతటివారు జర్మన్ల ఆక్రమణలో టైఫస్ టీకా సంస్థలో పేలకు తన రక్తం తాగించి బతికారు. యుద్ధం ముగిశాక క్రాకోలో ప్రొఫెసర్ పదవి చేపట్టాల్సి ఉండగా, 1945 ఆగస్టు 31న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ల్వోవ్‌లోనే కన్నుమూశారు.