బెంజమిన్ చ్యూ టిల్మన్
బెంజమిన్ చ్యూ టిల్మన్ (1821 - 1901) శాండ్ బ్లాస్టింగ్ పద్ధతిని కనుగొన్న అమెరికా ఆవిష్కర్త. ఫిలడెల్ఫియా వాసి. అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యం పక్షాన పోరాడి, 1863లో ఛాన్సలర్స్‌విల్ వద్ద గాయపడ్డాడు. ఆ తరువాత నల్లజాతి సైనికుల దళానికి కల్నల్ అయ్యాడు. ఆవిరి, గాలి లేదా నీటి వేగంతో ఇసుకను చిమ్మి లోహాన్ని, రాతిని, గాజును చెక్కే విధానానికి 1870లో పేటెంటు పొందాడు. సోదరుడు రిచర్డ్‌తో కలిసి కాగితపు గుజ్జు తయారీలో సల్ఫైట్ పద్ధతికీ ఆద్యుడు.

లారీలకు పేరొందిన సాలూరులో తుప్పు వదిలించుటకు చిన్న షెడ్డు పెట్టుకొనేవారికైనా ఆధారం ఈయన సూత్రమే. ఖరీదైన ప్రెజర్ పాట్ లేకున్నా, రవ్వను తానే పీల్చుకొనే సైఫన్ గన్ చిన్న పనులకు సరిపోతుంది. అయితే చవకగా వచ్చే ఏటి ఇసుక ఇందుకు పనికిరాదు. పగిలిన ఇసుక ధూళి ఊపిరితిత్తులలో చేరి, నయం కాని సిలికోసిస్ వ్యాధిని కలిగిస్తుంది. టిల్మన్ కాలంలో ఈ ముప్పును ఎవరూ అంతగా పట్టించుకోలేదు. బ్రిటన్ 1949 నిబంధనలతో ఇసుక వాడకాన్ని నిషేధించింది. శ్రీకాకుళం తీరపు ఇసుకలో లభించే గార్నెట్ రవ్వ దానికి బదులుగా వాడదగినది. అప్పుడైనా ముసుగు తప్పనిసరి.