ఉర్దూ బడి నుంచి లైప్‌జిగ్ దాకా: డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ

ఇల్మ్ సంపాదించడం ప్రతి ముస్లింకూ విధి అన్న సంగతి మనకు కొత్త కాదు. జుమా ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నదే. అయితే ఆ ఇల్మ్ ఏదన్న దగ్గర మన ఇళ్ళల్లో రెండు గీతలు గీసుకున్నాం. దీన్‌కు సంబంధించిన చదువు ఒకవైపు, దునియా చదువు మరొకవైపు అన్నది మొదటి గీత. ఉర్దూ చదివితే మౌల్వీ సాబ్ అవుతాడు, లెక్కలు సైన్సు రావాలంటే మొదటి నుంచీ ఇంగ్లీషులోనే చదవాలి అన్నది రెండో గీత. మా మద్దికెరలోనే కాదు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏ ముస్లిం ఇంట్లో అడిగినా ఈ మాటే వినబడుతుంది. పిల్లవాడు లెక్కల్లో వెనకబడితే తల్లిదండ్రులు మొదట నింద వేసేది భాష మీదే.

ఈ రెండు గీతలనూ దాటిన ఒక మనిషి గురించి ఈ వారం చెప్పుకుందాం. ఆయన ఉర్దూలో గణితం చదివి కేంబ్రిడ్జ్ వెళ్ళారు. అక్కడి నుంచి జర్మనీ వెళ్ళి, క్వాంటం శాస్త్రం పురుడు పోసుకుంటున్న రోజుల్లో దాని పక్కనే నిలబడ్డారు. తిరిగి వచ్చి మన హైదరాబాదు పిల్లలకు ఆ విద్యను బోధించారు. ఆయనే డాక్టర్ మహమ్మద్ రజీయుద్దీన్ సిద్దీఖీ సాహెబ్.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో హైదరాబాదులో పుట్టారాయన. అరబ్బీ, ఫార్సీ బాగా వచ్చిన మనిషి. ఆయన చదువును అర్థం చేసుకోవాలంటే ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయం సంగతి తెలియాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో దానికి ఫర్మానా ఇచ్చారు. 1919లో తరగతులు మొదలయ్యాయి. ఆనాడు దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులోనే బోధిస్తుంటే, ఉస్మానియా మాత్రం చరిత్ర, న్యాయశాస్త్రం, వైద్యం, గణితం, భౌతికశాస్త్రం అన్నీ ఉర్దూలో చెప్పింది. ఇంగ్లీషును వదిలిపెట్టలేదు. దాన్ని ఒక భాషగా తప్పనిసరి చేసింది. శాస్త్రం ఉర్దూలో, ఇంగ్లీషు ఇంగ్లీషుగా. ఈ తేడా మన పెద్దలు చాలామంది మరిచిపోతుంటారు.

మరి పుస్తకాలు ఎక్కడివి? వాటి కోసమే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. మొదట దాన్ని నడిపినవారు మౌల్వీ అబ్దుల్ హఖ్. (మన కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు వేరు, ఈయన వేరు. ఇద్దరినీ కలిపేసి చెప్పేవారు ఉన్నారు గనుక గుర్తు చేస్తున్నాం.) అక్కడ పండితులు కూర్చుని ఒక్కొక్క శాస్త్ర పదానికి ఉర్దూ మాట నిర్ణయించేవారు. మదరసాలో చదివినవారికి ఆ మాటలు చూస్తే ముచ్చట వేస్తుంది. సమీకరణానికి మసావాత్ అన్నారు. మనుషులంతా సమానమని ఖుత్బాలో వినే మసావాత్ అదే. ఉష్ణానికి హరారత్ అన్నారు. ఒళ్ళు కాస్త వెచ్చబడితే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అనే హరారత్ అదే. బీజగణితాన్ని జబ్ర్ ఓ ముఖాబలా అన్నారు. అది పదకొండు వందల ఏళ్ళకు పైబడి, బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథానికి పెట్టిన పేరులోని మాటే. ఐరోపావారు ఆ జబ్ర్‌నే తీసుకుని ఆల్జీబ్రా చేసుకున్నారు. అరువిచ్చిన సొమ్ము తిరిగి ఇంటికి వచ్చినట్టు అయింది.

ఈ ఉస్మానియాలో తొలి తరాల విద్యార్థుల్లో ఒకరు సిద్దీఖీ సాహెబ్. గణితంలో పట్టా పుచ్చుకుని 1920ల నడుమ కేంబ్రిడ్జ్ చేరారు. ఉర్దూలో కలనగణితం నేర్చుకున్న కుర్రవాడు న్యూటన్ చదివిన ఊళ్ళో ఏమవుతాడోనని అనుమానించినవారు ఆనాడూ ఉండే ఉంటారు. ఆయన అక్కడి చదువు చక్కగా పూర్తి చేశారు. ఒక సమీకరణాన్ని విప్పడం వచ్చినవాడికి అది ఏ లిపిలో రాసినా ఒకటే. రానివాడికి ఏ లిపిలోనైనా రాదు.

ఆయన కేంబ్రిడ్జ్‌లో ఉన్న కాలం సామాన్యమైనది కాదు. సాపేక్షతా సిద్ధాంతంలో పేరుమోసిన ఎడింగ్టన్ అక్కడ ఆచార్యుడు. డిరాక్ అనే మితభాషి అయిన యువకుడు 1926లో డాక్టరేటు పొంది, అక్కడే క్వాంటం శాస్త్రం చెప్పసాగాడు. 1928లో ఎలక్ట్రానును గురించిన తన ప్రసిద్ధ సమీకరణాన్ని వెలువరించాడు. అప్పటికి ఆ శాస్త్రానికి సరైన పాఠ్యపుస్తకమే లేదు. డిరాక్ పుస్తకం వచ్చింది 1930లో. చెప్పేవాడూ వినేవాడూ దాదాపు ఒకే ఈడువాళ్ళు. పుస్తకం రాకముందే పాఠం విన్న తరం అది.

కేంబ్రిడ్జ్ నుంచి సిద్దీఖీ సాహెబ్ జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్ళారు. అక్కడ 1927 నుంచి హైజెన్‌బర్గ్ ఆచార్యుడు. ఆ పదవిలోకి వచ్చేటప్పటికి హైజెన్‌బర్గ్‌కు నిండా ఇరవై ఆరేళ్ళు లేవు. రెండేళ్ళ క్రితమే, 1925లో, అతడు పరమాణువు లోపలి లెక్కలకు ఒక వింత దారి కనిపెట్టాడు. ఆ వింత ఏమిటో కొంచెం నిదానంగా చెప్పుకుందాం. ఇళ్ళల్లో పిల్లలు పక్కన ఉంటే వాళ్ళనూ పిలవండి.

మూడును ఐదుతో హెచ్చించినా, ఐదును మూడుతో హెచ్చించినా పదిహేనే వస్తుంది. వరుసతో పనిలేదు. హైజెన్‌బర్గ్ లెక్కల్లో మాత్రం వరుస మారితే జవాబు మారింది. మొదట అతడికే అది ఇబ్బందిగా తోచింది. మనకు మాత్రం ఇందులో ఆశ్చర్యం ఉండకూడదు. వుజూ చేసి నమాజు చదవడం ఒకటి, నమాజు చదివి వుజూ చేయడం మరొకటి. రెండింట్లోనూ చేసిన పనులు అవే. వరుస తిరగబడేసరికి మొదటిది నెరవేరింది, రెండోది చెల్లకుండా పోయింది. పరమాణువులో ఒక కణం ఎక్కడుందో చూసి తర్వాత దాని వేగం కొలవడమూ, వేగం కొలిచి తర్వాత ఎక్కడుందో చూడడమూ అలాగే వేరువేరు. చూడడం అనే పనే ఆ కణాన్ని కదిలిస్తుందని కొందరు చెబుతారు గాని, విషయం అంతకన్నా లోతైనది. ఉన్న చోటూ, వేగమూ రెండూ ఒకేసారి కచ్చితంగా ఉండే ఏర్పాటే ప్రకృతిలో లేదు. దీన్నే 1927లో హైజెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రంగా చెప్పాడు. ఇలా వరుసకు లోబడే రాశులను లెక్కకట్టడానికి సంఖ్యలను అడ్డవరుసలుగా, నిలువువరుసలుగా పేర్చిన మాత్రికలు కావలసి వచ్చాయి. భౌతికశాస్త్రం తెలిసినవాడు గణితంలో ఆరితేరక తప్పని రోజులు వచ్చాయన్న మాట. సిద్దీఖీ సాహెబ్ అటు గణితం నుంచే వచ్చారు గనుక ఆయనకు ఈ తలుపు సులువుగా తెరుచుకుంది.

లైప్‌జిగ్‌లో ఆయన డాక్టరేటు పొందారు. క్వాంటం శాస్త్రాన్ని దగ్గర నుంచి చూసినా, ఆయన పరిశోధన ప్రధానంగా ఒక గణిత సమస్య మీద. అది ఉష్ణం ప్రయాణించే తీరుకు సంబంధించిన సమీకరణాల జాతిది. మన వైపు జొన్న రొట్టె కాల్చే పెనాన్ని తలచుకోండి. మంట మధ్యలో ఉంటుంది. వేడి మెల్లగా అంచులకు పాకుతుంది. ఏ క్షణాన ఏ చోట ఎంత వేడి ఉందో చెప్పే సమీకరణం వందేళ్ళకు ముందే ఉంది. అందులో మంట రెట్టిస్తే పెరిగే వేడీ రెట్టిస్తుంది. నిజం పెనంలో అలా జరగదు. లోహం వేడెక్కేకొద్దీ వేడిని మోసే దాని గుణమే మారిపోతుంది. అప్పుడు రెట్టింపుకు రెట్టింపు అన్న సూటి లెక్క చెల్లదు. ఇలాంటి వంకర సమీకరణాలకు అసలు జవాబంటూ ఉందా, ఉంటే అది ఒక్కటేనా అన్నది పెద్ద ప్రశ్న. జవాబు వెతికే ముందు జవాబు ఉందని రుజువు చేయడం గణితం పెట్టుకున్న నియమం. సిద్దీఖీ సాహెబ్ పని ఇక్కడే. ఆ పరిశోధన 1932లో జర్మనీలోని పేరున్న గణిత పత్రికలో జర్మన్ భాషలోనే అచ్చయింది.

ఇలాంటి సమీకరణాల్లో దిట్ట అయిన లియోన్ లిష్టెన్‌స్టైన్ అనే ఆచార్యుడు ఆనాడు లైప్‌జిగ్‌లోనే ఉండేవారు. ఆయన యూదుడు. 1933లో నాజీలు గద్దెనెక్కగానే జర్మనీ విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆ ఏడే కన్నుమూశారు.

సిద్దీఖీ సాహెబ్ అప్పటికే 1931లో హైదరాబాదు తిరిగి వచ్చి ఉస్మానియాలో గణితం బోధిస్తున్నారు. ఆయన చేసిన పనుల్లో మాకు బాగా నచ్చేది ఇక్కడ ఉంది. క్వాంటం యాంత్రికశాస్త్రంపై తన ఉపన్యాసాలను 1930ల చివర ఉస్మానియా తరఫున ఇంగ్లీషులో అచ్చు వేయించారు. ప్రపంచం చదవాలి గనుక ఇంగ్లీషు. ఐన్‌స్టీన్ సాపేక్షతను మాత్రం ఉర్దూలో పుస్తకంగా రాశారు. ఇంట్లోవాళ్ళు చదవాలి గనుక ఉర్దూ. సాపేక్షతకు ఉర్దూ మాట ఇజాఫియత్. మదరసాలో వ్యాకరణం చదివిన పిల్లవాడికి ఇజాఫత్ అంటే తెలుసు. జైద్ ఇల్లు అన్నప్పుడు ఇంటికీ జైద్‌కూ ఉన్న ముడి అది. జైద్ లేకుండా ఆ ఇంటి మాటకు నిండుదనం లేదు. కాలం కూడా అలాగే చూసేవాడి నడకతో ముడిపడి ఉంటుందనేది ఐన్‌స్టీన్ చెప్పిన సంగతి. ఇంగ్లీషులో గంటసేపు చెప్పేది ఆ ఒక్క మాట సగం చెప్పేస్తుంది. అల్లామా ఇఖ్బాల్ కాలం, దేశం అనే వాటిని ఎలా ఊహించారన్న విషయంపై కూడా సిద్దీఖీ సాహెబ్ ఉర్దూలో పుస్తకం రాశారు. ఆయనకు కవిత్వమూ కలనగణితమూ రెండు పెట్టెలు కావు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. నిజాం రాజ్యంలో ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదోవంతు. తెలుగువారు సగానికి దగ్గరగా ఉండేవారు. తల్లి భాషలో చదువు అన్న వాదనతో నిలిచిన విశ్వవిద్యాలయం వరంగల్లు, నల్లగొండ రైతు బిడ్డలకు వాళ్ళ తల్లి భాషలో ఒక్క శాస్త్రమూ చెప్పలేదు. ఉస్మానియా ఘనతను మేము మనసారా ఒప్పుకుంటాం. ఆ న్యాయం తెలుగుకూ దక్కి ఉండవలసిందన్న మాటనూ అంతే గట్టిగా ఒప్పుకుంటాం. తెలుగులో కళాశాల స్థాయి శాస్త్ర గ్రంథాల కోసం తెలుగు అకాడమీ ఏర్పడింది 1968లో. దారుల్ తర్జుమా తర్వాత యాభై ఏళ్ళకు. మన దత్త మండలాల ముస్లింల సంగతి ఇంకోలా ఉంది. 1800లోనే నిజాం ఆదోని మొదలైన సీమను కంపెనీకి అప్పగించడంతో మన తాతలు మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చారు. ఉర్దూ ఇంట్లో మాట్లాడారు, తెలుగు వీధిలో మాట్లాడారు, ఆఫీసులో ఇంగ్లీషుకు తల వంచారు. ఉస్మానియా గాలి మనదాకా వచ్చింది 1947లో. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కాలేజీ స్థాపించి దానికి ఉస్మానియా పేరే పెట్టారు.

1940ల చివర సిద్దీఖీ సాహెబ్ తాను చదివిన విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్ అయ్యారు. అవి మంచి రోజులు కావు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాత కొద్ది కాలానికే ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. మూడు దశాబ్దాల పాటు పండితులు పోగేసిన మాటలు, వందలాది గ్రంథాలు అల్మారాల్లోకి చేరాయి. 1950 ప్రాంతంలో సిద్దీఖీ సాహెబ్ పాకిస్తాన్ వెళ్ళిపోయారు. అలా వెళ్ళినవారి గురించి మన ఇళ్ళల్లో రెండు రకాల మాటలూ ఉన్నాయి. ఉన్న ఊరిని పట్టుకుని ఇక్కడే నిలిచిన కుటుంబాల బిడ్డలం మేము. ఆయన వెళ్ళకుండా ఉండవలసిందనే మా మనసు అంటుంది. అయితే తాను కట్టిన తరగతి భాష కళ్ళముందే మారిపోయిన గురువు బాధ కూడా మాకు అర్థమవుతుంది.

అక్కడి జీవితం క్లుప్తంగా చెబుతాం. పెషావర్, సింధ్ విశ్వవిద్యాలయాలకు వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. 1960లలో ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఆ దేశపు సైన్సు అకాడమీకి అధ్యక్షులుగా ఉన్నారు. అణుశక్తి సంఘంలోనూ పాలుపంచుకున్నారు. మన కథకు కావలసినది మాత్రం అంతకు ముందరి హైదరాబాదు ఇరవై ఏళ్ళే.

1998లో ఆయన మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అదే ఏడు హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదలైంది. 2016లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మా మద్దికెర స్టేషన్‌లో రైలెక్కితే డోన్ మీదుగా కర్నూలు చేరుకోవచ్చు.