పెన్సిళ్ళు అమ్మిన పాటగాడు

గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి ఈ గోడపత్రికలో చాలామంది రాసేశారు. అందుకని నేను ఇంగ్లండు నాటకాల పాటగాడు జాన్ బ్రహాం గురించి రాస్తున్నాను.

ఆయన 1770లలో లండన్‌లో ఒక యూదుల ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోయారు. వీధుల్లో పెన్సిళ్ళు అమ్మి పొట్ట పోసుకున్నాడని చెబుతారు. యూదుల ప్రార్థన మందిరంలో పాడే లియోని అనే ఆయన ఈ పిల్లవాణ్ణి చేరదీసి పాట నేర్పాడు. 1787లో కోవెంట్ గార్డెన్ నాటకశాలలో మొదటిసారి పాడాడు. అప్పటికి మన తొమ్మిదో తరగతి వాళ్ళంత వయసు కూడా లేదు.

తర్వాత గురువు జమైకా వెళ్ళిపోయాడు. ఈయనకేమో గొంతు మారిపోయింది. మగపిల్లలకు ఆ వయసులో మారుతుంది కదా. పాటే అన్నం పెడుతుంటే ఆ పాటే పోతే ఎలాగ? పియానో నేర్పి బతికాడు. తర్వాత బాత్ అనే ఊళ్ళో రౌజ్జీని అనే ఇటలీ గురువు దగ్గర చేరి మళ్ళీ నేర్చుకున్నాడు. 1796లో లండన్ తిరిగి వచ్చి పాడితే జనం మెచ్చుకున్నారు.

ఆయన పేరు అసలు అబ్రహాం. ముందు అక్షరం తీసేసి బ్రహాం అయ్యాడు. ఇది చదివి నేను కొంచెంసేపు ఆగిపోయాను. మా ఊళ్ళో నన్ను పిలిచే పేరు వేరు, బడి రిజిస్టరులో పేరు వేరు. ఆయన తన పేరు తనే మార్చుకున్నాడు. నాది నన్ను అడక్కుండానే మార్చారు. పేరు మార్చినా ఆయనను యూదుడని ఎక్కిరించేవాళ్ళు ఎక్కిరించారు, వెటకారం బొమ్మలు గీశారు. ఆయన పాడటం మాత్రం మానలేదు.

మనిషి పొట్టి, నటన అంతంతమాత్రం. కానీ గొంతెత్తితే అందరూ కూర్చుని వినేవాళ్ళు. నాటకాల్లో తన వేషానికి పాటలు చాలావరకు తనే కట్టుకునేవాడు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయిన నెల్సన్ మీద కట్టిన పాట 1811లో ఒక నాటకంలో పాడితే ఇంగ్లండంతా పాడుకున్నారు. 1826లో వెబర్ అనే జర్మనీ సంగీతకారుడు ఒబెరాన్ అనే నాటకానికి సంగీతం చేస్తే, అందులో హీరో వేషం బ్రహాందే.

ఒకటి నాకు నచ్చలేదు. నాన్సీ స్టోరేస్ అనే గొప్ప గాయనితో ఎన్నో ఏళ్ళు కలిసి ఉన్నాడు, కొడుకు కూడా ఉన్నాడు. 1816లో వేరే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడే నాన్సీ చనిపోయింది.

సంపాదించిందంతా పెట్టి 1835లో సెయింట్ జేమ్స్ నాటకశాల కట్టించాడు. డికెన్స్ రాసిన నాటకాలు కూడా అక్కడ ఆడారు. అయినా నష్టమే వచ్చింది. పెద్ద వయసులో ఓడెక్కి అమెరికా వెళ్ళి మళ్ళీ కచేరీలు చేశాడు. 1852లో, డెబ్బై దాటాక కూడా జనం ముందు నిలబడి పాడాడు. 1856 ఫిబ్రవరి 17న లండన్‌లో కన్నుమూశాడు.