బిషప్ అజరయ్య: సామాన్యుని నోట ప్రవచనము



ప్రవచనము అనే మాట వినగానే మనలో చాలామందికి జరుగబోయే సంగతులను ముందుగా చెప్పుటయే గుర్తుకు వస్తుంది. ఫలానా వారి బిడ్డకు ఉద్యోగము వస్తుందనీ, ఫలానా వారి రోగము పోతుందనీ చెప్పే కూడికలకు జనము ఆటోలు మాట్లాడుకొని పోతున్నారు. అటువంటి వరము తమకు లేదు గనుక ప్రవచనముతో తమకు పని లేదని తక్కినవారు ఊరకుంటున్నారు.

పరిశుద్ధ గ్రంథము మనకు నేర్పేది వేరు. ప్రవక్త అంటే దేవుని పక్షమున మాటలాడేవాడు. ఆమోసు గొఱ్ఱెల మంద వెంట తిరిగినవాడే గాని ప్రవక్తల ఇంట పుట్టినవాడు కాడు. ప్రవచనము సంఘమును కడుతుందనీ, ధైర్యపరుస్తుందనీ, ఓదారుస్తుందనీ అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు బోధించాడు. ప్రకటన గ్రంథము 19వ అధ్యాయములో యేసును గూర్చిన సాక్ష్యమునకూ ప్రవచన ఆత్మకూ ఉన్న సంబంధము స్పష్టముగా కనబడుతుంది. అలాగైతే దేవుడు తనకు చేసిన మేలును ఉన్నది ఉన్నట్టు పొరుగువానికి చెప్పే కూలివాడు కూడా ఆ రోజుకు ప్రవక్త పని చేసినట్టే. ఈ సత్యమును నమ్మి, దానిని పల్లె పల్లెకూ అలవాటు చేసిన దైవజనుని జీవితమును ఈ శతవార్షిక సంచికలో జ్ఞాపకము చేసుకొనుట మనకు తగియున్నది. ఆయనే డోర్నకల్ మొదటి అధ్యక్షులు, బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశములోని తిరునెల్వేలి సీమలో వెళ్లాలన్‌విళై అనే చిన్న పల్లెలో జన్మించారు. తండ్రి తామస్ వేదనాయకంగారు ఆ పల్లె సంఘమునకు గురువు. తల్లి ఎలెన్ అమ్మగారు. ఆ దంపతులు చాలా ఏండ్లు మగబిడ్డ కొరకు ప్రార్థించి, హన్నాను తలంచుకొని బిడ్డకు సమూయేలు అని పేరు పెట్టుకొన్నారు. పేరులోనే ఒక సాక్ష్యము ఉన్నది. కుమారుడు ఇంకా బాలుడుగా ఉండగానే, 1889లో తండ్రి కన్నుమూశారు. అటు తరువాత బిడ్డను భక్తిలోను క్రమశిక్షణలోను పెంచిన భారము తల్లి మీదనే పడింది.

ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా లేకుండానే బయటికి వచ్చారు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతా తిరిగి యౌవనస్థుల మధ్య పనిచేశారు. 1898లో అంబు మరియమ్మాళ్‌గారిని వివాహము చేసుకొన్నారు. ఆ రోజుల్లో కళాశాల మెట్లు ఎక్కిన కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తరువాతి కాలములో డోర్నకల్ పల్లెల స్త్రీల మధ్య ఆమె చేసిన సేవ భర్త సేవకు ఏమాత్రము తీసిపోయినది కాదు.

1902లో అజరయ్యగారు సింహళములోని యాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇతర ప్రాంతములకు సేవకులను పంపుతున్నారు. అది చూచి ఆయన మనస్సు కలవరపడింది. తిరునెల్వేలి సంఘము ఎంతో పెద్దది, ఎంతో పాతది. ఇతరులు తెచ్చిన సువార్తను అన్ని తరములుగా అనుభవించింది. అయినా తాను పొందినదాన్ని మరొక భాషవారికి చెప్పాలన్న భారము దానికి కలుగలేదు. తీసుకొనుట నేర్చుకొని చెప్పుట నేర్చుకోని సంఘము ఎండిపోతుందని ఆయనకు తెలిసివచ్చింది. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించబడింది. రెండింటి వెనుకనూ ఆయన పూనిక ఉన్నది.

తిరునెల్వేలి వారు తమ సేవకులను పంపిన పొలము నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. ఇది నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. ఇతరులను పొండి అని చెప్పి తాను నిలిచిపోవుట అజరయ్యగారికి సహింపరానిదైంది. ఆయన 1909లో గురుపట్టము పొంది, దేశమంతటా పేరు తెచ్చిన పదవిని విడిచి డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. తెలుగు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఒక తమిళుడు, చదువుకొన్నవాడు, మాల మాదిగ పల్లెల్లో కూర్చుండి వచ్చీ రాని తెలుగులో మాటలాడుట మొదలుపెట్టాడు. పెద్ద మాటలు రానివాడు తన హృదయములో ఉన్నదాన్నే చెప్పాలి. ఆ పాఠము ఆయన ముందుగా తానే నేర్చుకొన్నారని నాకు తోస్తుంది.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లాండు దేశపు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. కూర్చున్నవారిలో అత్యధికులు పాశ్చాత్యులు. అక్కడ అజరయ్యగారు లేచి, మిషనరీలు మా కొరకు ఆస్తులిచ్చారు, ప్రాణములు కూడా ధారపోశారు, అందుకు మేము కృతజ్ఞులము, అయితే మాకు స్నేహము కూడా కావాలి అనే భావముతో ప్రసంగించారు. తెల్లదొరల ఇంట నల్లవానికి బల్లయొద్ద చోటు దొరకని సంగతి ఆయన కండ్లతో చూచినదే. కొందరికి కోపము వచ్చింది, కొందరు తల వంచుకొన్నారు. ఆ ప్రసంగములో భవిష్యత్తు ఏదీ చెప్పబడలేదు. తాను చూచినదాన్ని, అనుభవించినదాన్ని, ప్రేమతోను భయము లేకను చెప్పారు. నా దృష్టికి అది ప్రవచనమే.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రలులో అజరయ్యగారు అధ్యక్షునిగా అభిషేకించబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో ఒక భారతీయుడు బిషప్పు అగుట అదే మొదటిసారి. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు ఈ విషయములో ఆయన పక్షమున గట్టిగా నిలిచారు. మొదట చిన్నదైన ఆ అధ్యక్ష మండలము తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములను కూడా కలుపుకొని ఎంతో విశాలమైంది. 1940 తరువాతి సంవత్సరముల నాటికి అందులోని విశ్వాసుల సంఖ్య 2 లక్షలు దాటింది.

ఇంతమంది ఎట్లు వచ్చారు? అధ్యక్షులు ఒక్కరే ప్రసంగించి తెచ్చినవారు కారు. పెద్ద పెద్ద సభలు పెట్టి తెచ్చినదీ కాదు. బాప్తిస్మము ఇచ్చేటప్పుడు ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బాప్తిస్మము పొందినవారు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనీ, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమ అనీ బిగ్గరగా పలుకవలెను. పౌలు తన్ను గూర్చి చెప్పుకొన్న ఆ మాటను అజరయ్యగారు నిన్నమొన్న నమ్ముకొన్న పశువుల కాపరి నోట పెట్టారు. ముందు నేర్చుకొని తరువాత చెప్పుదువు గాని అని ఎవరినీ ఆపలేదు. కడిగిన తల ఆరకముందే సాక్షి అయ్యాడు.

ఆ నోరు ఎవరిదో మనము మరువకూడదు. ఆనాటి నైజాము పల్లెలో మాల మాదిగలకు రచ్చబండ మీద కూర్చునే హక్కు లేదు. దొర ఎదుట చెప్పులు విప్పి, తల వంచి నిలువవలెను. వెట్టికి పిలిస్తే పోవలెనే గాని ఎందుకని అడుగరాదు. వారి సాక్ష్యమును లెక్కచేసేవాడు లేడు. అటువంటివాడు పది మందిలో లేచి, దేవుడు నాకు ఇది చేశాడు అని తన సొంత నోటితో చెప్పుట సామాన్య సంగతి కాదు. వాని మాటకు విలువ ఉన్నదని మొదట సంఘము ఒప్పుకొన్నది. అటు తరువాత వాడే ఒప్పుకొన్నాడు.

అజరయ్యగారి కాలములో ఏటేటా సాక్ష్యపు వారము జరిగేది. ఆ దినములలో గురువులే కాక కూలీలు, రైతులు, స్త్రీలు గుంపులు గుంపులుగా ఇరుగు పొరుగు పల్లెలకు పోయి పాటలు పాడి, తమ సంగతి తాము చెప్పుకొనేవారు. తెలుగు కీర్తనలు, కోలాటములు, పంట పండుగలు దీనికి తోడైనవి. పల్లెవాడు తన భాషలో, తన రాగములో చెప్పితేనే పల్లె వింటుందని బిషప్పుగారు ఎరుగుదురు.

అయితే ఆయన మాటతో తృప్తిపడినవారు కారు. మురికి, రోగము, అప్పు, కల్లు సారాలను నాలుగు దయ్యములుగా ఎంచి పల్లెల నుండి వెళ్లగొట్టుటకు పోరాడారు. బాప్తిస్మమునకు ముందూ తరువాతా బోధ సాగవలెనని పట్టుబట్టి, పల్లె ఉపాధ్యాయులను వందల సంఖ్యలో నిలిపారు. తాగి తందనాలాడినవాడు మానుకొన్నాడంటే, ఆ వాడకట్టు అంతా ముందుగా వాని ముఖము వైపు చూస్తుంది, తరువాత వాని మాట వింటుంది. 1920, 1930 దశకములలో తెలుగు పల్లెలలో పై కులముల వారు కూడా కొందరు సంఘములో చేరుటకు, తాము అంటరానివారని తోసివేసినవారి జీవితములలో వచ్చిన మార్పును చూచుటయే ముఖ్య కారణమని అజరయ్యగారు గట్టిగా నమ్మారు. పొలములో తమ క్రింద పనిచేసే జీతగాడు వారికి సువార్తికుడు అయ్యాడు.

ఆ కాలములో మహాత్మా గాంధీగారు మత మార్పిడిని గూర్చి, ముఖ్యముగా దళితుల మధ్య జరిగే సువార్త పనిని గూర్చి తీవ్రముగా విమర్శించారు. నిరక్షరాస్యులు ఏమి తెలిసి మారుతున్నారని ఆయన సందేహము. అజరయ్యగారు దేశభక్తులే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని గట్టిగా చెప్పినవారు. అయినా ఈ విషయములో ఆయన తలవంచలేదు. చదువు లేనివానికి కూడా దేవుడు తనకు చేసినది తెలుసుననీ, దానిని చెప్పుకొనే హక్కు వానికి ఉన్నదనీ ఆయన వాదము. ఈ వాదములో ఎవరు గెలిచారని మనము లెక్కించుకోవలసిన పని లేదు. అయితే ఆ సందేహమునకు జవాబు చెప్పవలసిన బాధ్యత నేటికీ మన బ్రతుకుల మీదనే ఉన్నది.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రలు 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠించబడింది. దాని గుమ్మటములు, స్తంభములు చూచినవారికి అది ఈ దేశపు మందిరమని తెలిసిపోతుంది. దక్షిణ ఇండియా సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశము మొదలుకొని ఆయన ప్రయాసపడ్డారు. ఆ ఐక్యత 1947 సెప్టెంబరు 27న నెరవేరింది గాని, చూచుటకు ఆయన లేరు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు.

ఈ జీవితమును వ్రాస్తూ ఉండగా నా తప్పు ఒకటి నాకు జ్ఞాపకము వచ్చింది, దానిని దాచుకొనుట తగదు. నేను గురువునైన తొలి దినములలో ఒక సాయంకాల కూడికలో పత్తి ఏరే ఒక తల్లి సాక్ష్యము చెప్పుటకు లేచింది. పక్కింటివారితో మూడేండ్లుగా మాటలు లేవనీ, ఆ వారము తానే వారి వాకిట్లోకి పోయాననీ మొదలుపెట్టింది. పట్టణము నుండి వచ్చిన ప్రసంగీకుడు బల్లయొద్ద ఎదురుచూస్తున్నాడు. నేను గడియారము చూచి, సమయము చాలదని ఆమెను కూర్చోబెట్టాను. ఆ వాకిట్లో ఏమి జరిగిందో నేటికీ నాకు తెలియదు. తరువాత అడిగితే, చిన్న ముచ్చటే కదా అని నవ్వి ఊరకున్నది. మరల ఎన్నడూ ఆమె లేవలేదు. ఆనాటి ప్రసంగములో ఒక్క మాట కూడా ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆమె సగములో ఆపిన మాట మాత్రము గుర్తున్నది. ఆ సాయంకాలము దేవుడు మా సంఘముతో ఎవరి నోట మాటలాడదలచెనో, ఆ నోటిని మూసినవాడను నేనే.

అందుచేత గురువులమైన మాకు మొదటి మాట. మైకు మా చేతిలో ఉన్నంత మాత్రమున ప్రవచనము మా ఒక్కరి సొత్తు కాదు. వారమునకు ఒక సామాన్యునికైనా అయిదు నిమిషములు ఇచ్చి, మనము కూర్చొని వినుట నేర్చుకొందము.

సంఘస్థులకు రెండవ మాట. సాక్ష్యము గొప్పగా ఉండవలెనని లేనిదాన్ని కలుపకండి. ఇతరుల సాక్ష్యమును ఎరువు తెచ్చుకోకండి. దేవుడు చేసినది చిన్నదైతే చిన్నగానే చెప్పండి. అప్పు తీరిన సంగతి, కోపము మానిన సంగతి, బిడ్డ పోయినా విశ్వాసము పోని సంగతి, ఇవన్నీ సంఘమును కట్టే రాళ్లే. ప్రార్థనకు జవాబు ఇంకా రాలేదని కన్నీటితో చెప్పినా అది సాక్ష్యమే. చెప్పినదానికి మీ ఇంటివారు, మీ వాడకట్టువారు తల ఊపగలిగితే చాలును.

గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న మా మహదేవపూర్ వంటి చోట పెద్ద ప్రసంగీకులు వచ్చేది అరుదు. కాని మిరప తోటలో, బస్సు కొరకు నిలిచిన చోట, చావు ఇంటి అరుగు మీద మీరు ఉన్నారు. అజరయ్యగారు మన పూర్వికుల తలల మీద పెట్టించిన చెయ్యి ఇంకా మన తలల మీద ఉన్నదని జ్ఞాపకము చేసుకొందము. శతవార్షిక పండుగ ముగిసి పందిరి విప్పిన మరునాడు మనలో ప్రతివాడూ ఒక్క పొరుగువానికైనా ప్రభువు తనకు చేసిన మేలు చెప్పగలుగునట్లు దేవుడు మనకు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.