విన్నమాటను విచారించిన స్త్రీ – ఐడా బి. వెల్స్

ఐడా వెల్స్ 1862 జూలై 16వ తేదీన అమెరికాలోని మిస్సిసిప్పి రాష్ట్రమందు, హోలీ స్ప్రింగ్స్ పట్టణములో బానిసలైన నల్లజాతి దంపతులకు జన్మించెను. 1878లో ప్రబలిన ఎల్లో ఫీవరు ఆమె తలిదండ్రులను, పసివాడైన తమ్ముని కొనిపోయెను. అప్పటికామెకు పదునారేండ్లు. తండ్రి స్నేహితులు మిగిలిన పిల్లలను వేరువేరు ఇండ్లకు పంపజూడగా ఆమె సమ్మతింపక, ఉపాధ్యాయినియై వారిని పోషించెను.

పిమ్మట ఆమె మెంఫిస్ నగరము చేరి, 1889లో ఒక పత్రికకు భాగస్వామిగాను సంపాదకురాలుగాను ఉండెను. ఆ దినములలో దక్షిణ రాష్ట్రములందు మూకలు నల్లవారిని పట్టుకొని, న్యాయవిచారణ లేకయే చంపుచుండెను. స్త్రీలను చెరచినందుననే వారికి ఈ గతి పట్టుచున్నదని లోకులు చెప్పుకొనుచుండిరి. ఐడా సైతము ఆ మాట నమ్మెను.

1892 మార్చి 9న ఆ నమ్మకము కూలెను. ఆమె ప్రియమిత్రుడైన థామస్ మాస్‌ను, మరి యిద్దరిని మూక చెరసాలనుండి ఈడ్చుకొనిపోయి కాల్చి చంపెను. వారు ఏ స్త్రీకిని కీడు చేసినవారు కారు. వారి కిరాణా దుకాణము ఒక తెల్లవాని వ్యాపారమునకు పోటీయైనందున పుట్టిన కలహమే ఆ చావునకు మూలము.

అటులైన, తక్కిన హత్యలనుగూర్చి తాను విన్నది మాత్రము నిజమా? ఆమె కొన్ని తావులకు స్వయముగా వెళ్లి విచారించెను. తెల్లవారి పత్రికలు ప్రకటించిన వార్తలనే పేరు, తేదీ, స్థలముతో సహా కూర్చెను. అనేకుల విషయములో ఆ నేరారోపణయే లేదు. ఉన్నచోట్లను పెక్కుసార్లు అది కల్ల. ఆమె దీనిని వ్రాయగా, మే నెలలో ఆమె ఊరలేని సమయమున పత్రికా కార్యాలయమును ధ్వంసము చేసిరి. తిరిగి వచ్చినయెడల ప్రాణము దక్కదని ఆమెకు తెలిసెను. అయినను ఆమె కలము దించలేదు. 1892లోను, 1895లోను తన పరిశోధనను పుస్తకములుగా ప్రకటించెను. 1893, 1894 సంవత్సరములలో బ్రిటనుకు వెళ్లి సభలలో సాక్ష్యమిచ్చెను.

1895లో షికాగో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను వివాహమాడి నలుగురు బిడ్డలను కనెను. అచ్చటి ప్రెస్బిటేరియన్ సంఘములో యువకులకు బైబిలు తరగతి నడిపెను. ఆ తరగతినుండియే, దక్షిణమునుండి వచ్చిన నిరుపేద యువకులకు బసయు పనియు చూపు సంస్థ 1910లో వెలసెను.

1931 మార్చి 25న ఆమె కన్నుమూసెను. మూకహత్యను ప్రత్యేక నేరముగా ఎంచు సమాఖ్య చట్టము 2022లో గాని రాలేదు.

ప్రియ చదువరీ, ఐడాయు ఒకప్పుడు అందరివలె విన్నది నమ్మినదే. స్నేహితుని మరణము ఆమెను విచారింపజేసెను. పొరుగువానిగూర్చి మన చెవిని పడిన మాటను నమ్ముటకు ముందు మనము విచారించుచున్నామా?