హెలెన్ కెల్లరు విద్యాభ్యాసము

మన సంఘ వార్షికసభలలో విద్యానిధిని గూర్చి ప్రస్తావన రాని సంవత్సరము లేదు. పేద విద్యార్థులకు జీతములు కట్టుట, పుస్తకములు కొనియిచ్చుట, వసతిగృహమున భోజన మేర్పాటుచేయుట మన పెద్దలు ప్రథమధర్మముగా నెంచిరి. కాని ఆ నిధికి వచ్చు దరఖాస్తులలో చూపులేని వారివి, చెవి వినబడని వారివి, కాలుసేతులు స్వాధీనములో లేని వారివి ఎన్ని యున్నవో మన మెన్నడైన లెక్కించితిమా? అట్టి దరఖాస్తు లరుదుగా వచ్చుటకు కారణము మనలో అట్టి బిడ్డలు లేకపోవుట కాదు. వారికి పై చదు వక్కఱలేదని తల్లిదండ్రులును మనమును ముందుగనే నిశ్చయించుకొనుటయే కారణము. ఆ నిశ్చయ మెంతవఱకు న్యాయమో విచారించుటకై, లోకప్రసిద్ధురాలైన యొక విదుషీమణి చరిత్రమును మే మిచ్చట సంగ్రహముగా వ్రాయ నుద్యమించితిమి. ఆమె పేరు వినని చదువరు లుండరు. ఆమె చదివిన విధము తెలిసినవారు మాత్రము కొలదిమందియే.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని అలబామా రాష్ట్రమున టస్కంబియా యను చిన్న పట్టణము కలదు. అచ్చట 1880 వ సంవత్సరము జూన్ 27 వ తేదీని హెలెన్ కెల్లరు జన్మించెను. తండ్రి ఆర్థర్ కెల్లరు దక్షిణరాష్ట్రముల సైన్యమున కాప్టెనుగా నుండి, పిమ్మట నొక వార్తాపత్రికకు సంపాదకుడైనవాడు. తల్లి పేరు కేట్. పుట్టినపుడు శిశువున కే లోపమును లేదు. పందొమ్మిదవ నెలలో తీవ్రమైన జబ్బు చేసెను. వైద్యుడు ఆశ వదలుకొనెను. జ్వరము వచ్చినంత వేగముగనే తగ్గగా ఇంటిల్లిపాదియు సంతోషించిరి. కాని బిడ్డకు చూపును వినికిడియు రెండును పోయినవని తరువాత గాని తెలియలేదు. మాట వినని శిశువునకు మాట రాదు గదా! మనస్సులోని కోరిక తెలుపు దారి లేక ఆ బాలిక కోపముతో వస్తువులు విసరుచు, కొట్టుచు, గిల్లుచు పెరుగజొచ్చెను. ఇట్టి పిల్లను ఇంట నుంచుకొనుట యెట్లని బంధువులలో కొంద ఱనుమానించిరి.

తల్లి మాత్రము నిరాశ చెందలేదు. లారా బ్రిడ్జిమన్ అను చూపును వినికిడియు లేని బాలికకు బోస్టను నగరములోని పెర్కిన్సు అంధవిద్యాలయమున చదువు చెప్పిన వృత్తాంతము, చార్లెస్ డికెన్సు వ్రాసిన యమెరికా యాత్రాగ్రంథములో ఆమె చదివియుండెను. 1886 లో తండ్రి బిడ్డను వెంటబెట్టుకొని బాల్టిమోరునందలి నేత్రవైద్యునికడకు బోయెను. చూపు రాదని చెప్పి ఆ వైద్యుడు వారిని అలెగ్జాండర్ గ్రహాం బెల్లువద్దకు పంపెను. టెలిఫోను నిర్మాతగా మన మెఱిగిన యా బెల్లు బధిరుల విద్యయందు జీవితమెల్ల శ్రమించినవాడు. ఆయన పెర్కిన్సు విద్యాలయమునకు వ్రాయుడని సలహా యిచ్చెను. ఆ విద్యాలయము పంపిన యుపాధ్యాయిని ఆన్ సలివన్.

ఈ సలివన్ కథయు మనము తెలిసికొనదగినది. ఆమె నిరుపేద ఐరిష్ కుటుంబములో పుట్టి, చిన్ననాటనే కంటిరోగముచే చూపు చాలవఱకు గోల్పోయి, తల్లి మరణించిన పిదప అనాథశాల పాలయ్యెను. పదునాలుగేండ్ల వయస్సున పెర్కిన్సు విద్యాలయములో చేరునాటి కామె కక్షరములు రావు. ఆఱేండ్లలో తన తరగతిలో ప్రథమురాలై చదువు ముగించెను. శస్త్రచికిత్సలచే కొంత చూపు మరలివచ్చెను. 1887 మార్చి 3 వ తేదీని టస్కంబియా చేరునప్పటికి ఆమెకు ఇరువది యేండ్లు మాత్రమే. అంధత్వ మెట్టిదో తానెఱిగిన యుపాధ్యాయిని గనుకనే శిష్యురాలిపై జాలితో ఆగిపోక, క్రమశిక్షణతో చదువు చెప్పెను.

చేతిలో వ్రేళ్లతో అక్షరముల రూపములు వ్రాయుట ఆమె పద్ధతి. నెలదినములవఱకు హెలెన్ దాని నొక యాటగా ననుకరించెనే గాని, ప్రతి వస్తువునకు నొక పేరు గలదను సంగతి గ్రహింపలేదు. ఏప్రిల్ 5 వ తేదీని నీటిపంపు దగ్గఱ ఒక చేతిపై నీరు పడుచుండగా, రెండవ చేతిలో సలివన్ నీరు అను పదమును వ్రాసెను. ఆ క్షణమున బాలిక మనస్సున తలుపు తెఱచినట్లయ్యెను. ఆనాటి సాయంకాలమునకే ఆమె పెక్కు పదములు నేర్చెను. పిదప ఎత్తుచుక్కల లిపులును, చతురస్రాక్షరములు వ్రాయుటయు అలవడెను. 1890 లో సారా ఫుల్లరు అను ఉపాధ్యాయినివద్ద మాటలాడుట కారంభించెను. గురువు పెదవులను, గొంతును చేతితో తాకి ధ్వని పుట్టు విధము నేర్చుకొనవలసి వచ్చెను.

చిన్ననాటనే తాను కళాశాలకు పోయి తీరుదునని హెలెన్ స్నేహితులకు చెప్పుచుండెడిది. హార్వర్డు విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేకుండుటచే, దాని యాచార్యులే పాఠములు చెప్పు రాడ్‌క్లిఫ్ స్త్రీకళాశాలలో చేరుటకు సంకల్పించెను. దానికై 1896 అక్టోబరులో కేంబ్రిడ్జి పట్టణమందలి బాలికల పాఠశాలలో ప్రవేశించెను. అది చూపును వినికిడియు గలవారి పాఠశాల. ఉపాధ్యాయులకు వ్రేళ్ల అక్షరములు రావు. సలివన్ ప్రక్కన గూర్చుండి పాఠమంతయు శిష్యురాలి చేతిలో వ్రాయుచుండెను. ప్రధానోపాధ్యాయుడు ఆర్థర్ గిల్మనును, జర్మను భాషోపాధ్యాయినియు మాత్రము శ్రమపడి ఆ వ్రేళ్ల లిపి నేర్చుకొనిరి. ఒక్క విద్యార్థిని కొఱకు ఉపాధ్యాయు డొక క్రొత్త లిపి నేర్చుకొనుట సామాన్యవిషయము గాదు.

1897 లో ప్రవేశపరీక్షలోని మొదటి భాగము జరిగెను. టైపురైటరు చప్పుడుచే ఇతరులకు ఇబ్బంది కలుగకుండ ఆమెకు ప్రత్యేకమైన గది నిచ్చిరి. గిల్మను ప్రశ్నలను ఆమె చేతిలో వ్రాయగా ఆమె సమాధానములను యంత్రముపై వ్రాసెను. అన్ని విషయములందును కృతార్థురాలై, ఇంగ్లీషు, జర్మను భాషలలో విశేషయోగ్యతయు పొందెను. తరువాత గణితమున కష్టములు తలయెత్తెను. ఎత్తుచుక్కలలో అచ్చువేయవలసిన పుస్తకములు సకాలమునకు రాలేదు. రేఖాగణితచిత్రములను మెత్తపై తీగలతో అమర్చి వ్రేళ్లతో తడవి చూచుకొనవలసి వచ్చెను. ఆమె యారోగ్యము చెడుచున్నదని గిల్మను తలంచి, చదువు ఎక్కువ సంవత్సరములకు పొడిగింపవలెననెను. దీనిపై అభిప్రాయభేదము పెరుగగా తల్లి ఆమెను పాఠశాలనుండి మాన్పించెను. పిమ్మట మెర్టన్ కీత్ అను నుపాధ్యాయు డొంటరిగా పాఠములు చెప్పి ఆమెను సిద్ధపఱచెను.

1899 జూన్ 29, 30 తేదీలలో జరిగిన కడపటి పరీక్ష యందలి సంగతి మన చదువరులు శ్రద్ధగా గమనింపవలెను. ఈ పర్యాయము సలివన్ ప్రశ్నలు తెలుపుటకు కళాశాలవా రనుమతింపలేదు. ఆమెతో ముందు పరిచయము లేని యొక యుపాధ్యాయుడు ప్రశ్నపత్రములను అమెరికా బ్రెయిలీ లిపిలోనికి మార్చి యిచ్చెను. భాషావిషయములలో చిక్కు లేకపోయెను. కాని బీజగణితచిహ్నములు ఇంగ్లీషు బ్రెయిలీలో నొక విధముగను, అమెరికా బ్రెయిలీలో వేఱొక విధముగను ఉండెను. ఆమె బీజగణితమును ఇంగ్లీషు పద్ధతిలోనే అభ్యసించియుండెను. ఈ భేదము పరీక్షకు రెండు దినములు ముందు మాత్రమే బయటపడెను. క్రొత్త చిహ్నముల పట్టికను తెప్పించుకొని రాత్రి కూర్చుండి నేర్చుకొన్నను, కుండలీకరణములును మూలచిహ్నములును తెలియక తికమకపడెను. అయినను ఆమె కృతార్థురాలయ్యెను. ఆమెకు బీజగణితము రాకపోవుటచే గాక, ప్రశ్నపత్రము వ్రాసిన విధముచే పరీక్ష తప్పియుండినచో, లోకము దోష మెవరిపై మోపియుండును? ఆమె యంగవైకల్యముపైననే గదా!

పరీక్ష యందు గెలిచినను వెంటనే చేరవలదని కొంద ఱుపదేశించిరి. ఆమె యొక సంవత్సరము వేచి 1900 వ సంవత్సరమున రాడ్‌క్లిఫ్ కళాశాలలో ప్రవేశించెను. అచ్చటి ఉపన్యాసములను సలివన్ వేగముగా ఆమె చేతిలో వ్రాయుచుండెను. వినుటకు చేతులే సాధనము లగుటచే పాఠము జరుగునపుడు ఆమె వ్రాసికొనుటకు వీలులేదు; ఇంటికి బోయి జ్ఞాపకమున్నంత వ్రాసికొనవలసినదే. పాఠ్యపుస్తకములలో ఎత్తుచుక్కలలో నచ్చైనవి బహుస్వల్పము. తక్కినవన్నియు సలివన్ చదివి చేతిలో వ్రాయవలసి యుండెను. ఇతర బాలికలు గంటలో ముగించు పాఠమున కామెకు పెక్కు గంటలు పట్టుచుండెను. వారు ఆటపాటలయం దుండగా ఆమె గదిలో చదువుచుండెడిది. సలివన్ యొక్క దుర్బలమైన చూపు ఈ చదువుచే మఱింత క్షీణించెను.

ఈ విద్యకు ద్రవ్య మెక్కడిది? తండ్రి సంపన్నుడు గాడు. 1896 లోనే మరణించెను. ప్రసిద్ధ హాస్యరచయిత మార్క్ ట్వేను ఆమె ప్రజ్ఞ నెఱిగి తన మిత్రుడైన హెన్రీ రోజర్సు అను ధనికుని ప్రేరేపింపగా, ఆ దాత ఆమె చదువునకు తోడ్పడెను. కళాశాలలో నుండగనే ఆమె తన స్వీయచరిత్రమును వ్రాసి 1903 లో ప్రకటించెను. 1904 లో ఇరువదినాలుగేండ్ల వయస్సున గౌరవపూర్వకముగా బి. ఏ. పట్టము నందుకొనెను. చూపును వినికిడియు రెండును లేనివారిలో ఆ పట్టము పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. నాలుగేండ్లు ప్రతిపాఠమును ఆమెతోపాటు విన్న సలివన్‌కు మాత్రము ఏ పట్టమును రాలేదు.

తన చదువుతో తృప్తిపడి యూరకుండుట ఆమె స్వభావము గాదు. ఆ కాలమున అంధుల కొఱకు వేర్వేఱు చుక్కల లిపులు వాడుకలో నుండి, ఒక లిపి నేర్చినవారు మఱియొక లిపిలోని పుస్తకమును చదువలేకుండిరి. ఈ యనర్థము నామె పరీక్షాగదిలోనే యనుభవించెను గనుక ఏకలిపి కావలెనని వాదించెను. 1932 లో ఇంగ్లీషు మాటలాడు దేశములకు సామాన్యమైన బ్రెయిలీ పద్ధతి యంగీకృతమయ్యెను. 1924 మొదలుకొని అమెరికా అంధసహాయసంస్థ పక్షమున ఊరూర తిరిగి ధనము సేకరించెను. 1931 లో అమెరికా శాసనసభ అంధులకు పుస్తకము లొసగుటకై ఏటేట లక్ష డాలర్లు కేటాయించు శాసనమును చేసెను. సలివన్ 1936 లో స్వర్గస్థురాలయ్యెను. డెబ్బదియైదేండ్ల ప్రాయమున, 1955 లో, హెలెన్ ఆసియాఖండమున నలువది వేల మైళ్లు పర్యటించుచు భారతదేశమునకును వచ్చెను. ఢిల్లీ విశ్వవిద్యాలయము గౌరవపట్ట మొసగి ఆమెను సత్కరించెను. ఆమె యౌవనమున స్త్రీలకు ప్రవేశ మీయని హార్వర్డు విశ్వవిద్యాలయమే ఆ 1955 లో ఆమెకు గౌరవ డాక్టరు పట్ట మొసగెను. అచ్చట ఆ గౌరవ మందిన స్త్రీలలో ఆమెయే మొదటిది. 1968 జూన్ 1 వ తేదీని ఆమె పరమపదించెను.

చరిత్ర వ్రాయువారు మచ్చలను దాచరాదు. 1915 లో తీవ్రమైన యంగలోపములతో పుట్టిన యొక శిశువునకు చికిత్స చేయక మరణింపనిచ్చిన చికాగో వైద్యుని ఆమె సమర్థించెను. ఆమెయంతటిదియు అట్టి బిడ్డల భవిష్యత్తును ముందుగనే నిర్ణయించు తప్పునకు లోనయ్యెనన్నచో, మనబోటివా రెంత జాగ్రత్తగా నుండవలెనో గదా!

ఈ చరిత్రమున మేధాశక్తి హెలెన్‌ది. కాని మేధాశక్తి యొక్కటియే ఆమెను కళాశాలకు చేర్చలేదు. ప్రక్కన గూర్చుండి చదివి వినిపించు మనిషి, చేతికందు లిపిలో పుస్తకము, యోగ్యత తెలియునట్లు జరుగు పరీక్ష, జీతము కట్టు దాత, ఈ నాలుగును సమకూడినపుడే ఆమె పట్టభద్రురాలయ్యెను. వీనిలో నొకటి లోపించినను మనకు ఆమె పేరు తెలియకపోయెడిది.

మన దేశమున 2011 జనాభా లెక్కలలో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలుగా తేలినది. 2016 నాటి శాసనము ప్రకారము ప్రభుత్వ, ప్రభుత్వసహాయక ఉన్నతవిద్యాసంస్థలలో నూటికి 5 స్థానములకు తక్కువ గాకుండ వారికి ప్రత్యేకింపవలెను. వయఃపరిమితిలో ఐదేండ్ల సడలింపు నీయవలెను. పరీక్షలో వ్రాయసగానిని పొందు హక్కును 2021 లో సుప్రీముకోర్టు విశాలముగా వ్యాఖ్యానించెను. మన కృష్ణామండలమున మచిలీపట్టణము సమీపగ్రామములో పుట్టిన అంధవిద్యార్థి శ్రీకాంత్ బొల్లా, పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రము చదువ వలనుపడదనగా న్యాయస్థానము నాశ్రయించి గెలిచి, అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతికవిద్యాసంస్థలో పట్టము పొందెను. శాసనము తలుపు తెఱచును. తలుపువఱకు నడిపించుకొని పోవలసినది కుటుంబమును, సంఘమును.

కావున పోషకులకును సంఘసభ్యులకును మా విన్నపము. మన విద్యానిధిలో కొంతభాగమును వికలాంగ విద్యార్థులకై ప్రత్యేకింపుడు. ఆ సొమ్ము జీతములకే గాక, చదివి వినిపించువారికిని, వ్రాయసగాండ్రకును, సంకేతభాష తెలిసినవారికిని, మాటలాడు యంత్రములకును వినియోగపడవలెను. మన వసతిగృహమున మెట్ల ప్రక్కన నొక వాలుదారిని, నేల యంతస్తున కొన్ని గదులను ఏర్పఱుపుడు. పట్టణములందున్న విద్యావంతులు వారమున కొక గంట చదివి వినిపించిన చాలును. దానికి ధనముతో పనిలేదు. ప్రతి గ్రామమునందలి మన ప్రతినిధులు ఇండ్లలో నుండిపోయిన బిడ్డల పేర్లను వచ్చు వార్షికసభలోగా వ్రాసి పంపుదురు గాక. ఆ పట్టికలో ఎందఱు ప్రజ్ఞావంతు లున్నారో ఇప్పుడే చెప్ప నెవరితరము? టస్కంబియాలోని యా బాలిక ఆఱేండ్లవఱకు ఇంటిలోనివారికే యర్థముగాని పిల్ల. ఆమెకడకు ఒక్క ఉపాధ్యాయిని వచ్చెను. అంతయు నచ్చటనే మొదలయ్యెను.