ఎనిమిది రోజుల సినిమా

ఆసుపత్రిలో పిల్లాడి మంచం పక్కనే అమ్మ ఉండటం మనకు మామూలే. 1940లలో బ్రిటన్‌లో అలా కుదిరేది కాదు. చాలా వార్డుల్లో తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలే రానిచ్చేవారు. వాళ్లు వెళ్లేటప్పుడు పిల్లలు ఏడుస్తారు కాబట్టి రాకపోవడమే నయమని పెద్ద డాక్టర్లే నమ్మేవారు.

కాదన్నవారు జేమ్స్ రాబర్ట్‌సన్. 1911లో స్కాట్లండ్‌లో ఓ కార్మిక కుటుంబంలో పుట్టారు. యుద్ధకాలంలో లండన్‌లో అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల నర్సరీలో బాయిలర్ చూసుకునేవారు. అక్కడ పనిచేసేవారంతా, బాయిలర్ మనిషితో సహా, పిల్లల్లో గమనించింది కార్డుల మీద రాయాలి. ఆయన అసలు చదువు అదే అనుకోవచ్చు.

1948లో టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీ దగ్గర చేరి, వార్డుల్లో కూర్చుని చూశారు. చేరిన పిల్లాడు ముందు గట్టిగా ఏడుస్తాడు. తర్వాత దిగులుతో ముడుచుకుపోతాడు. ఆ తర్వాత అందరితో నవ్వుతాడు, అమ్మ వస్తే మాత్రం ముఖం తిప్పుకుంటాడు. కుదురుకున్నాడని నర్సులు సంతోషించేది ఈ మూడో దశ చూసే.

చెబితే నమ్మలేదు. కెమెరా పట్టారు. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన రెండున్నరేళ్ల పాపను ఎనిమిది రోజులూ చిత్రీకరించారు. ఏడుపులే ఏరుకున్నారనకుండా రోజూ నిర్ణీత వేళల్లోనే, గోడ గడియారం కనిపించేలా తీశారు. 1952లో చూపిస్తే చాలామంది డాక్టర్లు మండిపడ్డారు.

1959లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వమని సిఫారసు చేసింది. ఆసుపత్రులు త్వరగా కదల్లేదు. 1961లో లండన్‌లో కొందరు తల్లులు సంఘం పెట్టుకుని, ఒక్కో ఆసుపత్రికీ వెళ్లి అడగడం మొదలుపెట్టారు.